మొక్కు ఒకటి... మజిలీలెన్ని?

గుణదల నుంచి వేళాంగణి దాకా ఇంటిల్లిపాదీ ఒకే బండిలో బయల్దేరే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

వేళాంగణి ప్రయాణం మాట ఏ ఇంట్లోనైనా ముందు ఎత్తేది నాయనమ్మే. మనవడికి జ్వరం తగ్గనప్పుడో, కూతురి కాన్పు కష్టమైనప్పుడో మనసులో మొక్కుకుని ఉంటుంది. ఆ సంగతి బయటపడేసరికి ఆ బిడ్డ బడికి పోయే వయసుకొస్తాడు. ఇక అప్పుడు కొడుకు ఫోన్‌లో మ్యాప్ తెరుస్తాడు. కోడలు సెలవులు లెక్కపెడుతుంది. ఎలాగూ చెన్నై మీదుగానే కదా అని ఒకరు శాంథోమ్ కలుపుతారు. పుదుచ్చేరిలో ఒక పూట ఆగుదామని పిల్లలు. తంజావూరు పెద్ద గుడి చూడకుండా వస్తే ఎట్లా అని బావగారు. గంట గడిచేసరికి మొక్కు ఒక్కటి, మజిలీలు పద్నాలుగు. సిలువ మార్గంలోనూ పద్నాలుగు స్థలాలే ఉన్నాయి గానీ, వాటిని నాలుగు రోజుల్లో, కారులో, పసిపిల్లలతో పూర్తిచేయమని ఏ గురువూ చెప్పలేదు.

తెలుగు కథోలిక కుటుంబాలు, పల్లెల్లో ఆర్‌సీఎం వాళ్లంటారే, వాళ్లు రోడ్డు మీద చేసే పెద్ద యాత్రల్లో ముందు చెప్పుకోవాల్సింది వేళాంగణి యాత్రే. విజయవాడ నుంచి చెన్నైకి సుమారు 450 కిలోమీటర్లు, అక్కడి నుంచి తీరం వెంబడి వేళాంగణికి ఇంకో 320 దాకా. వెళ్లేటప్పుడు సముద్రం ఎప్పుడూ ఎడమచేతి వైపే. ఈ దారిలో ప్రతి వంద కిలోమీటర్లకూ ఏదో ఒక పాత గుడి, దానికొక కథ తగులుతూనే ఉంటాయి. చిక్కంతా అక్కడే వస్తుంది. ఏదీ వదలబుద్ధి కాదు. నన్నడిగితే ఒక్క చోటే యాత్ర అనుకోవాలి, అక్కడ రెండు రాత్రులు ఉండాలి. మిగతావన్నీ బండిలో ఎవరెవరున్నారో చూసుకుని ఉంచడమో, కొట్టేయడమో చేయాలి.

మొక్కు ఎవరిది?

మ్యాప్ తెరవకముందు పెద్దావిడను కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు ఏం మొక్కుకున్నావు? ఇది అడగని కుటుంబాలు వేళాంగణి చేరాక ఇబ్బంది పడతాయి.

"మోకాళ్ల మీద నడుస్తానని మొక్కావా నాయనమ్మా? నీ మోకాళ్లకు ఆపరేషన్ అయింది కదా!"

"నేనెందుకు నడుస్తానురా? మీ నాన్న నడుస్తాడని మొక్కాను."

నాన్న మొహంలో రంగు మారుతుంది. తమాషాగా ఉన్నా ఇలాంటి మొక్కులు మన ఇళ్లలో మామూలే. కొడుకు తలనీలాలు, మనవరాలి చెవి కమ్మలు, అల్లుడి కాలినడక, అన్నీ పెద్దవాళ్లే మాటిచ్చేస్తారు. కథోలిక శ్రీసభ చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 1983 నాటి చట్టంలోని 1193వ నిబంధన ప్రకారం మొక్కు కట్టుబడేది మొక్కుకున్న మనిషిని మాత్రమే. ఇంకొకరి కాళ్లను తాకట్టు పెట్టడం కుదరదు. మొక్కుకున్న మనిషికే ఆరోగ్యం సహకరించకపోతే దానికీ దారి ఉంది. న్యాయమైన కారణం ఉంటే వ్యక్తిగత మొక్కు నుంచి విడుదల ఇచ్చే అధికారం, దాన్ని తేలికైన మరో పుణ్యకార్యంగా మార్చే అధికారం విచారణ గురువుకు ఉన్నాయి. 1196, 1197 నిబంధనలు చెప్పేది అదే. కాబట్టి బండి మాట్లాడుకునే ముందు మీ విచారణ ఫాదర్‌ను ఒకసారి కలవండి. డెబ్భై ఏళ్ల మనిషి ఇసుకలో మోకాళ్ల మీద పాకాల్సిన పనిలేదని కొడుకు చెబితే వినదు. ఫాదర్ చెబితే వింటుంది.

మొక్కు ఏమిటో తేలాక ప్రయాణం సగం ఖాయమైనట్టే. పిల్లవాడి పుట్టు వెంట్రుకలైతే ఎండ ముదరని నెల చూడాలి. పట్టుచీర సమర్పించడమైతే ఏ నెలైనా ఒకటే. కాలినడక అయితే అది వేరే యాత్ర, ఈ కథనం దానికి పనికిరాదు.

గుణదలను దాటేసే దారి

హైదరాబాద్ వాళ్లకు మరో తగువు ఉంది. చెన్నైకి దగ్గర దారి నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవేను వదిలేసి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి చేరి, మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో కలుస్తుంది. ఆ దారిన పోతే బెజవాడ తగలదు. గుణదల మాతకు చెప్పకుండా వేళాంగణి మాత దగ్గరికి ఎట్లా పోతామని పెద్దవాళ్లు అలిగితే, మ్యాప్‌లో మిగిలే గంటలు చూపించి వాళ్లను గెలవలేం.

నా సలహా ఏమిటంటే గుణదలను ఈ యాత్రలో ఇరికించొద్దు. అది విడిగా వెళ్లాల్సిన చోటు. 1924లో గుణదల సెయింట్ జోసఫ్ అనాథాశ్రమం బాధ్యతలు చూస్తున్న ఫాదర్ అర్లాటి అక్కడి కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పేదపిల్లకు మరియమాత కనిపించిందన్న గుహను తలపించే ఆ చోటుకు ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది వస్తారు. గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగించి, పైకి మెట్లెక్కుతూ సిలువ మార్గం చేసి, కొండ కొమ్మున సిలువ దాకా వెళ్లడం ఆనవాయితీ. తలనీలాలిచ్చేవాళ్లూ, కొబ్బరికాయలు కొట్టేవాళ్లూ, వాళ్లలో హిందువులూ చాలామంది. కృష్ణా, గుంటూరు, ఖమ్మం ఊళ్ల చుట్టాలంతా ఆ మూడు రోజుల్లో అక్కడ ఎదురవుతారు. తప్పిపోయిన వాళ్ల కోసం మైకులో పిలుస్తుంటే లూర్దయ్యలు, బాలశౌరులు, ఇన్నయ్యలు, రాయప్పలు, ఆరోగ్యమ్మలు వరసగా వినిపిస్తారు. తిరునాళ్లంటే అదీ!

అయితే ఆ మూడు రోజుల్లో కారు వేసుకెళ్లడం వల్ల ఒరిగేదేమీ లేదు. బండ్లను దూరంగానే ఆపేస్తారు. అక్కడి నుంచి నడకే. తిరునాళ్లకే వెళ్లాలనుకుంటే విజయవాడ దాకా రైల్లో వెళ్లి, చుట్టాలింట్లో దిగి, మొదటి రోజు తెల్లవారుజామునే కొండకు చేరడం మంచిది. పసిపిల్లల చొక్కా జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టడం మరిచిపోవద్దు. మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లతో అయితే పండుగ లేని ఓ శనివారం ఉదయం వెళ్లండి. కొండ అదే, మాత అదే, కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది.

అద్దంకి దారినే పోతూ పూట సమయం ఉందనుకుంటే నరసరావుపేట దగ్గర గుంటూరు వైపు తిరిగి ఫిరంగిపురం వెళ్లి రావచ్చు. అక్కడి బాలయేసు దేవాలయం, కొండ మీది కార్మెల్ మాత గుడి గుంటూరు ప్రాంతపు కథోలికులకు బాగా తెలిసినవే. కార్మెల్ మాత పండుగ జులై 16. ఆ రోజుకు కుదిరితే సరే, కుదరకపోతే ఇది కొట్టేయదగ్గ మజిలీల్లో ఒకటి.

అల్లుడు లూథరన్ అయితే

యాత్రల గురించి రాసేవాళ్లు సాధారణంగా వదిలేసే విషయం ఒకటుంది. మన క్రైస్తవ కుటుంబాలన్నీ ఒకే సంఘం వాళ్లతో నిండి ఉండవు. గుంటూరు వైపు కథోలికుల ఇంటి అల్లుడు లూథరన్ కావచ్చు, కోడలు బాప్టిస్టు ఇంటి నుంచి రావచ్చు. నెల్లూరు దాటేదాకా అంతా బాగానే ఉంటుంది. స్వరూపం ముందు మోకరించే వేళకు మొహమాటం మొదలవుతుంది. అతను బయట చెప్పుల దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటాడు. అత్తగారు అది గమనిస్తుంది.

ఇలాంటి బండికి చెన్నైలో ఒక రోజు ఇవ్వడం తెలివైన పని. అపొస్తలుడైన తోమా ఒక్క సంఘానికి చెందినవాడు కాడు. చెన్నైలో ఆయన పేరు మీద మూడు చోట్లున్నాయి. వాటిని ఏ వరసలో చూస్తామన్నది ముఖ్యం. ముందు సైదాపేట దగ్గరి చిన్నమలై. శత్రువుల నుంచి తప్పించుకుని తోమా దాక్కున్నాడని చెప్పే గుహ అక్కడుంది. తర్వాత పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్. క్రీ.శ. 72లో ఆయన్ను చంపింది ఆ కొండ మీదేనని నమ్మకం. 1523లో పోర్చుగీసులు అక్కడ గుడి కట్టారు. 1547లో తవ్వకాల్లో బయటపడిన రాతి సిలువ, దాని చుట్టూ పహ్లవీ లిపిలో చెక్కిన రాత పీఠం దగ్గర చూడొచ్చు. మెట్లెక్కలేని వాళ్లకు కొండ పైదాకా కారు దారి ఉంది. చివరికి మైలాపూరు తీరాన శాంథోమ్. ఇప్పుడున్న తెల్లని గోపురపు గుడి 1896 నాటిది, బసిలికా హోదా వచ్చింది 1956లో. ఆయన సమాధి ఈ గుడి కిందే ఉందని నమ్మకం. అపొస్తలుల సమాధులపై నిలిచిన గుళ్లు ప్రపంచంలో బహు తక్కువ. గుహ, కొండ, సమాధి. ఈ వరసలో తీసుకెళ్తే పదేళ్ల పిల్లవాడికి కూడా వేరే కథ చెప్పాల్సిన పనిలేదు.

తోమా నిజంగా ఇక్కడికి వచ్చాడా అని చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. పోర్చుగీసులు రాకముందే, పదమూడో శతాబ్దం చివర్లో ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో తోమా సమాధి ప్రస్తావన చేశాడు. ఆ సంగతి పిల్లలతో దాచకుండా మాట్లాడొచ్చు. అల్లుడు కూడా ఈ చర్చలో కలుస్తాడు, అది చాలు.

చెన్నైలో ఆగే ఉద్దేశం లేకపోతే ఊళ్లోకి దిగొద్దు. మీంజూరు నుంచి వండలూరు దాకా ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని దక్షిణానికి జారుకోవాలి. శాంథోమ్‌లో పది నిమిషాలు ఆగి వెళ్లిపోదామనుకున్న వాళ్ల మధ్యాహ్నమంతా చెన్నై ట్రాఫిక్‌లోనే హరించుకుపోతుంది.

తీరం వెంబడి

చెన్నై నుంచి పుదుచ్చేరికి తూర్పు తీర రహదారి. పిల్లలున్న బండికి ఇక్కడ మొసళ్ల పార్కు ఉంది, మహాబలిపురం ఉంది. రెంటిలో ఒకటే అని ముందే ఒప్పందం చేసుకోవాలి. పుదుచ్చేరి పక్కనే విల్లియనూరులో లూర్దుమాత గుడి ఉంది. గుణదల చూసి వచ్చిన వాళ్లు దీన్ని నిశ్చింతగా వదిలేయొచ్చు.

కడలూరు, చిదంబరం, శీర్కాళి దాటాక తరంగంబాడి వస్తుంది. యాత్రికుల బండ్లు ఆగకుండా పోయే ఊరిది. నేనైతే ఆపుతాను, ముఖ్యంగా ఆ లూథరన్ అల్లుడి కోసం. డేనిష్ వాళ్లు కట్టిన కోట సముద్రం ఒడ్డునే ఉంది. 1706లో లూథరన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ ఓడ దిగింది ఇక్కడే. మన దేశంలో లూథరన్ మిషన్ మొదలైంది కూడా ఇక్కడి నుంచే. తర్వాత ఇక్కడికి వచ్చి మద్రాసుకు మారిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని బైబిల్‌ను తెలుగు చేయడానికి పూనుకున్నాడు. ఆయన తెలుగు పుస్తకాలు జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి. వేళాంగణికి వెళ్లే దారిలో అరగంట ఆగితే అల్లుడికీ తనదంటూ ఒక మజిలీ దక్కుతుంది.

ఆ తర్వాత కారైకాల్, నాగూరు, నాగపట్నం. కారైకాల్ పక్కన తిరునళ్లారు శనీశ్వరుడు, నాగూరులో దర్గా. తెలుగునాట నుంచి ఈ రెంటినీ, వేళాంగణినీ కలిపి ఒకే యాత్రగా చుట్టి వచ్చే హిందూ కుటుంబాలూ ఉన్నాయి. మీ బండి డ్రైవర్ కూడా ఈ దారి పేరు వినగానే శనీశ్వరుడి గుడి దగ్గర ఆపుదామా సార్ అని అడగొచ్చు. కాదనకండి.

ఆగస్టు చివరి వారంలో ఈ దారిన వెళ్తుంటే జాగ్రత్త. కాషాయం కట్టుకుని, మాత స్వరూపాన్ని చిన్న రథం మీద పెట్టుకుని తోసుకుంటూ నడిచే యాత్రికుల గుంపులు రోడ్డు పక్కన వరసగా సాగుతుంటాయి. ఎండకు వెరచి చాలామంది రాత్రిపూట నడుస్తారు. ఆ రోజుల్లో చీకటి పడ్డాక తీరం దారిలో బండి నడపకపోవడమే ఉత్తమం.

వేళాంగణిలో రెండు రాత్రులు

రెండు రాత్రులెందుకు? సాయంత్రం చేరి, పూజ విని, కొవ్వొత్తి పెట్టి, తెల్లారి బయల్దేరితే సరిపోదా? సరిపోతుందని అనుకుంటారు. అలా వెళ్లొచ్చిన వాళ్లకు గుర్తుండేది పార్కింగ్ చోటు, గుడి ముందు తీసిన ఫొటో.

ఈ ఊరి కథలు మూడు. పాలకుండ మోసుకుపోతున్న పిల్లవాడు చెరువు పక్కన మర్రిచెట్టు నీడన నిద్రపోతే, బిడ్డనెత్తుకున్న ఒకావిడ పాలడిగింది. పాలు తగ్గాయేమోనని భయపడుతూ యజమాని ఇంటికి వెళ్తే కుండ పొంగి పొర్లింది. ఆ చెరువే మాతా కుళం. మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లవాణ్ని ఆవిడ మజ్జిగ అడిగింది, నాగపట్నం వెళ్లి ఒక పెద్దమనిషికి కబురు చెప్పమంది. లేచి పరుగెత్తాడు. ఆ చోటు నడు తిట్టు. పదిహేడో శతాబ్దంలో తుఫానులో చిక్కిన పోర్చుగీసు నావికులు మాతను వేడుకుని, సెప్టెంబరు 8న, ఆమె జన్మదిన పండుగ నాడు, ఈ ఒడ్డుకు చేరారు. చిన్న పాకను గుడిగా మార్చారు. వాళ్లు తెచ్చిన పింగాణీ పళ్లేలు ఇప్పటికీ పీఠం దగ్గర గోడకు అమర్చి ఉన్నాయి. 1962లో పోప్ ఇరవై మూడో జాన్ ఈ గుడికి బసిలికా హోదా ఇచ్చారు. కానీ యాత్రికులకు ఆ ఏడాదితో పనిలేదు. వాళ్లకు కావాల్సింది పట్టుచీర కట్టిన ఆరోగ్యమాత.

చెరువు, నడు తిట్టు, పెద్ద గుడి కథల వరసలోనే చూసుకోవాలి. మోకాళ్ల మీద నడిచే ఇసుక దారి ఈ చోట్ల మధ్యే ఉంది. నడవాలనుకున్న వాళ్లు తెల్లవారుతూనే ఆ పని ముగించాలి. పదింటికల్లా ఇసుక కాలుతుంది. మొదటి రోజు ఉదయం దానికి, తలనీలాలకు, స్నానాలకు. మధ్యాహ్నం అందరూ పడుకోవాలి, ఇది నియమం అనుకోండి. సాయంత్రం పూజ, పాపసంకీర్తనం. మొక్కులు తీర్చుకున్న వాళ్లు ఇచ్చిన కానుకలను ఉంచిన ప్రదర్శనశాల ఒకటుంది. వెండి, బంగారు రేకులతో చేసిన కళ్లు, కాళ్లు, ఊయలలు, ఇళ్లు. ప్రతి రేకు వెనకా ఒక ఇంటి గోడు. పిల్లలు అక్కడ చాలాసేపు నిలబడతారు. పెద్దవాళ్లే తొందరపెడతారు.

గది విషయానికొస్తే, ఊరంతా లాడ్జీలే. దేవస్థానం నడిపే వసతి గృహాలూ ఉన్నాయి, ముందే అడిగి పెట్టుకోవచ్చు. నాయనమ్మ ఉన్న గది కింది అంతస్తులో ఉండేలా చూసుకోవాలి, లిఫ్టు ఉందన్న మాట నమ్మి పైకి ఎక్కొద్దు. పూజలు తమిళంతో పాటు వేర్వేరు భాషల్లో జరుగుతాయి. తెలుగు పూజ ఏ వేళకో చేరిన సాయంత్రమే కనుక్కోవాలి.

ఏ నెల అన్నది ఇంకో ముఖ్య విషయం. ఆగస్టు 29న జెండా ఎగరేస్తారు, సెప్టెంబరు 7 రాత్రి పెద్ద తేరు, 8న పండుగ. ఆ పదకొండు రోజుల్లో తెలుగుతో సహా ఎన్నో భాషల పూజలుంటాయి, జనసముద్రం ఉంటుంది, గది మాత్రం ఉండదు. చిన్నపిల్లలతో ఆ రోజుల్లో వద్దు. దసరా సెలవులు బాగుంటాయనిపిస్తుంది గానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం. 2018 నవంబరులో గజ తుఫాను తీరం దాటింది అక్కడికి దగ్గర్లోనే. మే నెల ఎండ చెప్పక్కర్లేదు. సంక్రాంతి హడావుడి తగ్గాక, జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా నాకు నచ్చే కాలం. బడి పిల్లలకు రెండు రోజులు సెలవు పెట్టించాలి. పెట్టించండి.

క్రిస్మస్ సెలవుల్లో వెళ్లేవాళ్లకు ఒక మాట. 2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం సునామీ వచ్చినప్పుడు ఈ ఒడ్డున వందల మంది యాత్రికులు పోయారు. నీళ్లు గుడిలోకి రాలేదని భక్తులు చెప్పుకుంటారు. ఒడ్డున పోయినవాళ్లూ భక్తులే. ఈ సముద్రంలో పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి.

తిరుగు దారి

తిరుగు ప్రయాణంలో ఒక్క మజిలీ చాలు. తంజావూరు మీదుగా వస్తే పూండి మాత బసిలికా ఉంది. 1999లో ఆ హోదా వచ్చింది. వేళాంగణితో పోలిస్తే నెమ్మదైన ఊరు. తమిళంలో వీరమాముని పేరుతో కావ్యం రాసిన ఇటలీ గురువు బెస్కీ ఇక్కడి కొల్లిడం నది ఒడ్డునే తిరిగాడు, దగ్గర్లోని ఏలాకురిచ్చి గుడితోనూ ఆయన పేరు ముడిపడి ఉంది. సాహిత్యం ఇష్టపడే వాళ్లు బండిలో ఉంటే పూండి, లేకపోతే బావగారు కోరిన తంజావూరు పెద్ద గుడి. రెండూ చూడాలనుకుంటే ఇంకో రాత్రి తప్పదు.

ఇంత దూరం వద్దనుకునే వాళ్లకు వేరే దారులున్నాయి. బెంగళూరు వివేక్‌నగర్ బాలయేసు దగ్గరికి గురువారం చేరేలా వెళ్లాలి, ఆ గుడికి ఆ రోజే రోజు. గోవాలో పునీత ఫ్రాన్సిస్ జేవియర్ పండుగ డిసెంబరు 3న. పదేళ్లకోసారి ఆయన దేహాన్ని కిందికి దించి చూపించేది 2025 జనవరిలోనే ముగిసింది, ఇప్పుడు అందుకోసం పరుగెత్తక్కర్లేదు. మెదక్ చర్చి సీఎస్‌ఐ వాళ్లది. 1924 క్రిస్మస్ నాడు, గుణదల కొండకు మాత వచ్చిన ఏడాదే, దాన్ని ప్రతిష్ఠించారు. హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు, అల్లుడూ అత్తగారూ ఒకే వరుసలో కూర్చుంటారు.

ఇక బండి. అద్దెదైతే తమిళనాడుకు, పుదుచ్చేరికి పర్మిట్లు ఉన్నాయో లేదో యజమానిని ముందే అడగాలి. కారైకాల్ పుదుచ్చేరి కిందికే వస్తుంది. పన్నెండు మంది ఒకే టెంపో ట్రావెలర్‌లో వెళ్లడం రెండు కార్ల కంటే నయం, పోట్లాటలైనా ఒకే చోట తీరతాయి. పులిహోర మొదటి రోజుకే, రెండో రోజుకు పాడవుతుంది. తపస్సుకాలంలో వెళ్తుంటే శుక్రవారం మాంసం లేదని బయల్దేరే ముందే పిల్లలకు చెప్పాలి, హైవే మీద బిర్యానీ బోర్డు కనిపించాక కాదు.

డ్రైవర్‌కు వేళాంగణిలో విడిగా గది తీసుకోండి. బండిలోనే పడుకుంటాలెండి సార్ అంటాడు. వినకండి. మర్నాడు నాలుగు వందల కిలోమీటర్లు మిమ్మల్నందరినీ మోసుకెళ్లాల్సింది అతనే.